ఎముక పట్టుకోకముందే



నల్లగొండ, పాలమూరు ఊళ్లల్లో రేడియో వింటున్న అక్కలకు, అన్నలకు, చదువుకుంటున్న పిల్లలకు ఈ పూట ఒక శాస్త్రం గురించి చెబుతాను. దాని పేరు ఉపరితల శాస్త్రం. పేరు కొత్తగా వినిపించవచ్చు. విషయం మాత్రం మనకు పాతదే. మన తాగునీళ్ల విషయం. మన పళ్ల విషయం. మన ఎముకల విషయం.

ఏ వస్తువైనా తీసుకోండి. ఇనుప గడ్డపారకు తుప్పు ఎక్కడ మొదలవుతుంది? పైన. ఇత్తడి బిందెకు చిలుము ఎక్కడ పడుతుంది? పైన. నీళ్ల తొట్టికి పాకురు ఎక్కడ పడుతుంది? అదీ పైనే. లోపల ఎంత సరుకున్నా సరే, ఒక పదార్థం బయటి ప్రపంచంతో తగాదా పడ్డా, చుట్టరికం కలుపుకున్నా పైపొరతోనే. ఆ పైపొర ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది, దాన్ని మనకు కావలసినట్టు ఎలా మలుచుకోవాలి? ఇదే ఉపరితల శాస్త్రం. జీవితమంతా ఈ పని మీదే ఉండే శాస్త్రవేత్తలున్నారు. వాళ్ల పనికీ మన జిల్లాలకూ ఉన్న సంబంధమే ఈనాటి ముచ్చట.

ముందు మన నేల సంగతి చూద్దాం.

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతాలు గ్రానైటు రాళ్ల మీద ఉన్నాయి. ఆ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. వాన తక్కువ. భూమిలోకి ఇంకిన నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, ఆ ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. బోరు ఎంత లోతుకు పోతే, అంత పాత నీరు పైకి రావచ్చు. చూడటానికి తేటగా ఉంటుంది. వాసన ఉండదు. కంటికి గానీ, నాలుకకు గానీ ఫ్లోరైడ్ ఉన్నట్టు తెలియదు.

లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉంటే ఫరవాలేదని మన దేశపు ప్రమాణం చెబుతుంది. వేరే నీళ్ల దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు ఒప్పుకుంటుంది. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఊళ్లల్లో జనం అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు దశాబ్దాల పాటు తాగారు. పిల్లల పళ్లకు గార పట్టింది. పెద్దల నడుములు వంగిపోయాయి. మోకాళ్లు బిగుసుకుపోయాయి.

తెలుగు నేల మీద ఈ జబ్బును వైద్యులు గుర్తించి రాసింది 1937లో. అది అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ మనుషుల గురించి హైదరాబాదు వైద్యుడు సిద్దీఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అంటే మన బాధ ప్రపంచానికి తెలిసి డెబ్బై ఏళ్లు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఫ్లోరైడ్ ఒంట్లోకి పోయాక ఎముకనే ఎందుకు పట్టుకుంటుంది? కండ ఉంది, చర్మం ఉంది. వాటిని వదిలి ఎముకలోనే ఎందుకు చేరుతుంది?

జవాబు ఉపరితలంలో ఉంది. మన ఎముకను గట్టిగా ఉంచేది కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన ఒక ఖనిజం. అది చిన్న చిన్న పలకల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. ఆ పలకల మందం కొన్ని నానోమీటర్లే. నానోమీటరు అంటే ఎంత? ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగం. అంత సన్నని స్ఫటికాలు కాబట్టి ఎముకలో ఉపరితలం విపరీతంగా ఉంటుంది. తాగిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రంలో పోతుంది. మిగిలింది రక్తంలో తిరుగుతూ వచ్చి ఆ స్ఫటికాల మీద చేరుతుంది. అక్కడున్న హైడ్రాక్సిల్ అనే భాగాన్ని తోసేసి దాని స్థానంలో కూర్చుంటుంది. ఒకసారి కూర్చుంటే అంత తొందరగా లేవదు.

ఇంకో మాట చెబితే మీకు ఆశ్చర్యం వేస్తుంది. పశువుల ఎముకలను కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గుతోనే నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటుంది. కెన్యా, టాంజానియా దేశాల్లో వాడారు. ఎముకకు ఫ్లోరైడ్‌ను పట్టే గుణం అంత గట్టిగా ఉంది మరి.

కాబట్టి ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను ఏదో ఒక ఉపరితలం పట్టుకుంటుంది. ఇంటి బయట మనం పెట్టిన పదార్థం పట్టుకోకపోతే, ఇంట్లో మనిషి ఎముక పట్టుకుంటుంది. మళ్లీ చెబుతున్నాను. బయట పదార్థం పట్టుకోకపోతే, లోపల ఎముక పట్టుకుంటుంది.

మరి ఎముక కంటే ముందే పట్టుకునే పదార్థాన్ని తయారుచేయడం ఎట్లా? ఇక్కడే నానో అనే మాట పనికొస్తుంది.

ఒక బెల్లం ముక్క అనుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు తలా ఒక సెంటీమీటరు. దానికి ఆరు ముఖాలు. మొత్తం ఉపరితలం ఆరు చదరపు సెంటీమీటర్లు. బొటనవేలి గోరుకు కాస్త అటు ఇటుగా నాలుగైదింతలు. ఆ ముక్కను చితక్కొట్టండి. బెల్లం అంతే ఉంది, బరువు పెరగలేదు. కానీ కొత్త ముఖాలు బయటపడ్డాయి. అందుకే పొడి బెల్లం నీళ్లలో తొందరగా కరుగుతుంది. ఇప్పుడు అదే ముక్కను ఒక్కొక్క నానోమీటరు ముక్కలుగా కోయగలిగామనుకోండి. మొత్తం ఉపరితలం ఎంతవుతుంది? ఆరు వేల చదరపు మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు ఎకరంన్నర!

నిజమండీ. వేలెడంత ముక్కలో ఎకరంన్నర దాగి ఉంది. దాన్ని బయటికి తీయడమే నానో పదార్థాల తయారీ.

ఇది ఊహ కాదు. యాక్టివేటెడ్ అల్యూమినా అని ఒక తెల్లటి గుళికల పదార్థం ఉంది. అల్యూమినియం ఆక్సైడ్‌లో సన్నని రంధ్రాలు ఉండేటట్టు కాల్చి తయారుచేస్తారు. ఒక్క గ్రాము గుళికల్లో రెండు మూడు గుంటల ఉపరితలం ఉంటుంది. చిటికెడు గుళికల్లో రెండు మూడు గుంటలు! ఆ రంధ్రాల గోడల మీద ఫ్లోరైడ్ వచ్చి అతుక్కుంటుంది. నీరు కిందికి దిగిపోతుంది.

అల్యూమినియంకూ ఫ్లోరైడ్‌కూ ఉన్న ఈ స్నేహాన్ని ముందుగా మన కోసం వాడుకున్న పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని రూపొందించారు. 1975లో వచ్చిన ఆ పరిశోధన పత్రం రాసినవాళ్లలో బులుసు ఇంటిపేరు గల తెలుగాయన కూడా ఉన్నారు. టాంజానియాలో నీటి శాస్త్రం చదివే విద్యార్థికి కూడా నల్లగొండ అనే పేరు ఈ పద్ధతి వల్లే తెలుస్తుంది.

అది చేసే తీరు చూడండి. ఒక బకెట్టు నీళ్లు. ముందు కొంచెం సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. తరువాత పటిక ద్రావణం పోస్తారు. పటికలో ఇరవయ్యో వంతు సున్నం చాలు. ముందు జోరుగా కలిపి, తరువాత కర్రతో మెల్లగా తిప్పుతూ ఉంటారు. కాసేపటికి నీళ్లలో దూది పింజల్లాంటి తెల్లటి తునకలు కనబడతాయి. పటికలోని అల్యూమినియం అట్లా తునకలు కట్టింది. ఫ్లోరైడ్ వాటికి అతుక్కుంటుంది. బకెట్టును కదపకుండా ఓ గంట ఉంచితే తునకలు అడుగున పేరుకుంటాయి. పైన తేరుకున్న నీటిని మాత్రం వంచుకోవాలి. అడుగు మడ్డిని కదిలించకూడదు.

చూశారా, పెద్ద యంత్రం లేదు, కరెంటు లేదు. పటిక, సున్నం ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. మంచి ఉపాయం. మరి ఇంత మంచి ఉపాయం ఇంటింటా ఎందుకు నిలవలేదు?

పటిక ఎంత వేయాలన్నది ఆ ఊరి నీటిని బట్టి మారుతుంది. ఈ బోరుకు ఒక లెక్క, ఆ బోరుకు ఇంకో లెక్క. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది. ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, రుచి చెడుతుంది. రోజూ కలపాలి, రోజూ తేర్చాలి, రోజూ మడ్డి పారబోయాలి. పొద్దున్నే కూలికి పోయే తల్లికి ఇదంతా చేసే తీరిక ఎక్కడిది?

అల్యూమినా ఫిల్టర్ కథ ఇంకో రకం. అక్కడ రోజూ కలిపే బాధ లేదు. కానీ ఉపరితలం మీద పట్టుకునే చోట్లు కొన్నే ఉంటాయి. అవి నిండాయంటే ఇక పట్టదు. ఈ సంగతిని లెక్కకట్టి చెప్పినవాడు అమెరికా శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్. విద్యుత్ బల్బుల కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తూ, వాయువులు లోహపు తీగ మీద ఎట్లా అంటుకుంటాయో చూశాడు. ఒక్క అణువు మందాన ఒక పొర నిండుతుంది, అది నిండగానే ఆగిపోతుంది అన్నాడు. దానికి 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సూత్రం నోబెల్ సభలో ఎంత నిజమో, మన ఊరి ఫిల్టర్‌లోనూ అంతే నిజం.

చోట్లు నిండిన అల్యూమినాను కాస్టిక్ సోడా నీళ్లతో కడిగి, తరువాత ఆమ్లంతో సరిచేస్తే మళ్లీ పనికొస్తుంది. కానీ ఆ కడిగే పని ఎవరు చేస్తారు? కడిగిన నీళ్లలో ఫ్లోరైడ్ అంతా ఉంటుంది, వాటిని ఎక్కడ పోస్తారు? ఇంకో చిక్కు కూడా ఉంది. కాస్త పులుపు వైపున్న నీటిలో అల్యూమినా బాగా పనిచేస్తుంది. మన బోరు నీళ్లు క్షార గుణం కలవి. అందులోని బైకార్బొనేటు కూడా అవే చోట్ల కోసం పోటీకి వస్తుంది. ఫ్లోరైడ్‌కు చోటు తగ్గుతుంది. ప్రయోగశాలలో నెలల తరబడి పనిచేసిన గుళిక, ఊళ్లో అంతకాలం పనిచేయదు. పైకి మాత్రం ఏమీ తెలియదు. నీరు తేటగా వస్తూనే ఉంటుంది. ఫిల్టర్ పట్టడం మానేసింది. పట్టే పని ఇప్పుడు మళ్లీ ఎముకకు వచ్చింది.

ఇక ఈ పదార్థాలు చేసే మనుషుల దగ్గరికి వద్దాం.

హైదరాబాదు శివార్లలో, బాలాపూర్‌లో, ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. లోహపు పొడులు, పైపూతలు, నానో పదార్థాలు వాళ్ల పని. అక్కడ దశాబ్దాలుగా పనిచేసి, ఆ సంస్థకు డైరెక్టరుగా కూడా ఉన్న తెలుగు శాస్త్రవేత్త టాటా నరసింగరావు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసి, టోక్యో విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ ఆయన పనిచేసింది ఫుజిషిమా ప్రయోగశాలలో.

ఫుజిషిమా ఎవరంటే, తెల్ల పెయింట్లలో వాడే టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు పడితే, ఆ ఉపరితలం నీటినే విడగొట్టగలదని తన గురువు హోండాతో కలిసి 1972లో ప్రపంచానికి చూపించిన మనిషి. ఆ వెలుగు పడ్డ ఉపరితలం తన మీద వాలిన మురికిని, క్రిములను కూడా నాశనం చేస్తుంది. ఈ విషయమంతా ఒకచోట చేర్చి ఫుజిషిమా, నరసింగరావు, ట్రిక్ అనే మరో శాస్త్రవేత్త కలిసి 2000లో ఒక సమీక్షా వ్యాసం రాశారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ప్రపంచమంతటా ఈనాటికీ దాన్ని చదువుతారు, పేర్కొంటారు.

తరువాత ఆయన తిరిగి వచ్చి బాలాపూర్‌లో చేరారు. ఏఆర్‌సీఐ నుంచి బయటికి వచ్చిన వస్తువుల్లో ఒకటి మన వంటింటికి దగ్గరిది. నానో వెండి పూసిన క్యాండిల్ ఫిల్టర్.

వెండి నానో రేణువులు ఎట్లా పుడతాయో ఒకసారి చూద్దాం. సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణాన్ని నీళ్లలో కరిగిస్తారు. నీళ్లు తేటగానే ఉంటాయి. అందులో ఇంకో రసాయనాన్ని చుక్క చుక్కగా వేస్తూ కలుపుతారు. అది వెండిని లోహంగా మారుస్తుంది. చూస్తుండగానే నీళ్లు లేత పసుపు రంగుకు తిరుగుతాయి. వెండి తెల్లగా మెరవాలి కదా, పసుపెందుకు? అంత చిన్న రేణువులైనప్పుడు వెండి వెలుగుతో మెలిగే తీరే మారిపోతుంది. ఆ పసుపే గుర్తు. నీళ్లు బూడిద రంగుకు పోయాయంటే, రేణువులు ఒకదానికొకటి అంటుకొని ముద్దలయ్యాయన్న మాట. ఉపరితలం పోయింది. ఆ రోజు పని పోయింది. మళ్లీ మొదలు.

ఒక శాస్త్రవేత్త జీవితంలో ఎక్కువ రోజులు ఇట్లాంటివే. కలపడం, కాల్చడం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడటం, నీళ్లు పోసి పరీక్షించడం. బాగుంటే మళ్లీ చేసి చూడటం. పదోసారి కూడా అట్లాగే వస్తేనే అది ఫలితం.

వెండి పూసిన క్యాండిల్ నీళ్లలోని క్రిములను చంపుతుంది. వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిములను అడ్డుకుంటుంది. మంచిదే. కానీ అక్కలారా, అన్నలారా, ఇక్కడ ఒక మాట గట్టిగా వినండి. వెండి క్రిమిని చంపుతుంది, ఫ్లోరైడ్‌ను మాత్రం ముట్టదు. ఏ ఉపరితలం పని దానిదే. అల్యూమినా ఫ్లోరైడ్‌ను పడుతుంది. ఇనుము ఆక్సైడ్ ఆర్సెనిక్ అనే విషాన్ని బాగా పడుతుంది. చెన్నై ఐఐటీలో ఆచార్య ప్రదీప్ ఇనుము కలిసిన నానో పదార్థాలతో చేసిన ఫిల్టర్లు ఆర్సెనిక్ ఉన్న ఊళ్లకు వెళ్లాయి. అన్ని రోగాలకూ ఒకే మాత్ర లేనట్టే, అన్ని నీళ్లకూ ఒకే ఫిల్టర్ లేదు. అందుకే ముందు నీటిని పరీక్షించుకోవాలి. ఆ తరువాతే ఫిల్టర్ కొనాలి.

ఇంకా చెప్పాలంటే, నీళ్లను కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది కాబట్టి, మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. బట్టతో వడగట్టినా పోదు. మామూలు క్యాండిల్‌తో పోదు. వెండి క్యాండిల్‌తోనూ పోదు.

మరి మన జిల్లాలకు ఊరట ఎట్లా దొరికింది? నిజం చెప్పుకోవాలి. ఏ నానో పదార్థమూ తేలేదు. నది నీళ్లు తెచ్చాయి. దానికోసం జనం ఎంత కొట్లాడారో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో ఇక్కడ పోటీదారులు పోటెత్తారు. ఒక్క నల్లగొండ స్థానానికి మొత్తం 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. దేశమంతా ఇటు తిరిగి చూసింది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్ వెలిసింది. ఇప్పుడు శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు ఇటు నల్లగొండకూ అటు పాలమూరుకూ పైపుల్లో వస్తున్నాయి. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు కాదది, పారిన నీరు. అందులో ఫ్లోరైడ్ తక్కువ.

అట్లాగని సైన్సు పని అయిపోయిందా? కాలేదు. చేను దగ్గర పనిచేసేవాళ్లు దప్పికకు బోరు నీళ్లే తాగుతారు. పైపు పగిలిన రోజు, కరెంటు పోయిన రోజు ఇంట్లో బోరు నీళ్లే దిక్కు. అన్నం వండే నీళ్లు, చాయ్ కాచే నీళ్లు కూడా ఒంట్లోకి పోయే నీళ్లే. ఆ ఒక్క బిందెకైనా ఎముక కంటే ముందు పట్టుకునే పదార్థం కావాలి. అది చవకగా ఉండాలి. మన క్షారపు నీటిలో పనిచేయాలి. నిండిపోయినప్పుడు రంగు మారో, ఇంకో తీరుగానో తానే చెప్పాలి. కడగటం తేలిక కావాలి. కడిగిన మడ్డి చెరువులో కలవకూడదు. ఇవన్నీ ఒకేచోట కుదిరిన పదార్థం ఇంటింటికీ ఇంకా చేరలేదు.

ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలతో రెండు మాటలు.

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది. పాలమూరులో పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ కెమిస్ట్రీ, ఫిజిక్స్ చదివేవాళ్లకు ఈ రంగం దూరమేమీ కాదు. రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం, లోహ శాస్త్రం, ఈ మూడు దారులూ ఇక్కడికే వస్తాయి. ఎమ్మెస్సీ తరువాత నెట్ రాసి పరిశోధనలో చేరవచ్చు. హైదరాబాదులో, బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ ఉంది. తార్నాకలో ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ ఉంది. గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి అందే దూరమే.

దీంట్లో నీళ్లే కాదు, ఇంకా ఎంతో ఉంది. మనం చేనుకు చల్లే యూరియాకు మూలం అమ్మోనియా. గాలిలోని నైట్రోజన్ ఇనుము ఉపరితలం మీద విడిపోతేనే అమ్మోనియా తయారవుతుంది. అది ఎట్లా విడిపోతుందో మెట్టు మెట్టుగా చూపించిన జర్మనీ శాస్త్రవేత్త గెర్హార్డ్ ఎర్ట్‌ల్‌కు 2007లో నోబెల్ వచ్చింది. బ్యాటరీ, సోలార్ పలక, బండి సైలెన్సర్‌లో పొగను శుద్ధి చేసే భాగం, అన్నిట్లోనూ అసలు పని జరిగేది పైపొర మీదే.

కానీ పిల్లలూ, మీకొక సలహా. కొత్త పదార్థం చేసినప్పుడు మొదటి రోజు ఎంత ఫ్లోరైడ్ పట్టిందని మాత్రమే అడగకండి. అది పత్రికలో అచ్చు కావడానికి సరిపోతుంది. నూరో రోజు ఎంత పట్టిందని అడగండి. నిండినప్పుడు ఎవరు కడుగుతారని అడగండి. ఆ మడ్డి ఎక్కడికి పోతుందని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేకనే ఎన్నో మంచి ఫిల్టర్లు బడుల వరండాల్లో ఎండిపోయి మిగిలాయి. మర్రిగూడ దిక్కు పుట్టిన పిల్లకు ఆ ప్రశ్నలు పుస్తకం చూసి నేర్చుకోవలసిన పని లేదు. ఆమె నాయనమ్మ నడుమే చెబుతుంది.

చివరగా, ఇళ్లల్లో వింటున్న మీ అందరికీ ఒక మనవి. తాగడానికీ, వంటకూ భగీరథ నీళ్లే వాడండి. చేనుకు పోయేటప్పుడు కూడా ఒక సీసా పట్టుకుపోండి. బోరు నీళ్లు తాగక తప్పని చోట, ఆ నీటిని పరీక్షకు ఇవ్వండి. గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ప్రయోగశాలలు అందుకే ఉన్నాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. రాబోయే పళ్లు దవడ లోపల తయారయ్యే వయసు అది. అప్పుడు తాగిన ఫ్లోరైడ్ మచ్చ జీవితాంతం ఉంటుంది. మీ బడిలోనో, ఊళ్లోనో ఫ్లోరైడ్ ఫిల్టర్ ఉంటే, నీళ్లు తేటగా వస్తున్నాయా అని చూడటంతో ఆగకండి. చివరిసారి ఎప్పుడు కడిగారు, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అని సర్పంచిని అడగండి, హెడ్మాస్టరును అడగండి. జవాబు వచ్చేదాకా అడగండి.